ఎడమ పేజీ మాది, కుడి పేజీ వాళ్ళది

"సార్, చిన్న తరగతుల్లో గ్రహాలు తొమ్మిది అని రాసి తెచ్చుకున్న మార్కులు ఇప్పుడు వెనక్కి ఇచ్చెయ్యాలా?"

మా పుస్తకంలో మొట్టమొదటి ఫిర్యాదు ఇదే. రాసింది నేనే. 2006 ఆగస్టు 25, శుక్రవారం, మొదటి పీరియడ్. ముందురోజే ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య వాళ్ళు ఓటేసి ప్లూటోని గ్రహాల వరసలోంచి తప్పించి మరుగుజ్జు గ్రహాల్లో కలిపారు. పన్నెండో తరగతిలో ఉన్న మాకు అది మా క్లాసులో ఒకడి పేరు కొట్టేసినట్టే అనిపించింది. అటెండెన్స్ అయిపోతుండగా వెనక బెంచీలోంచి ఎవరో "ప్లూటో?" అని పిలిచారు. ఇంకెవరో "ఆబ్సెంట్ సార్" అన్నారు.

ఆ నవ్వుల్లోనే నేను రఫ్ నోట్సు ఎడమ పేజీ మీద ఆ ప్రశ్న రాసి పక్కకి జరిపాను. పుస్తకం బెంచీలు దాటుకుంటూ చివరిదాకా పోయి, తలా ఒక వాక్యం మోసుకుని తిరుగుముఖం పట్టింది. "మిగిలిన ఎనిమిదింటికైనా గ్యారంటీ ఉందా?" అని ఒకరు. "ముందే చెప్పి ఉంటే తొమ్మిదోది బట్టీ పట్టేవాళ్ళం కాదు కదా!" అని ఇంకొకరు. నా చేతికి అందేలోపే ఫిజిక్స్ సార్ చేతికి చిక్కింది.

ఆయన నిలబడే చదివారు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. సార్ మాత్రం జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కుడి పేజీ మీద ఏదో రాసి, పుస్తకం నా బెంచీ మీద పెట్టి, బోర్డు దగ్గరికి వెళ్ళి పాఠం మొదలుపెట్టారు. ఆ పీరియడంతా పాఠం ఎవరి చెవికీ ఎక్కలేదు. గంట కొట్టాక నలభై తలకాయలు నా బెంచీ మీద వాలాయి.

"మార్కులు మీవే. ప్లూటోకి పోయింది బిరుదు ఒక్కటే, నిన్న తిరిగిన దారిలోనే ఇవాళా తిరుగుతోంది. సూర్యుడి చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికి దానికి 248 ఏళ్ళు. ఒక్క పీరియడ్ కుదురుగా కూర్చోలేని మీరు దాన్ని చూసి ఓపిక నేర్చుకోండి."

ఆ రోజుతో అది రఫ్ నోట్సు కాకుండా పోయింది. మేం దాన్ని ఫిర్యాదుల పుస్తకం అన్నాం. స్టాఫ్ రూమ్‌లో దానికి "అభియోగ పత్రం" అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. ఎడమ పేజీ మాది, కుడి పేజీ వాళ్ళది. ఈ నియమం ఎవరూ కూర్చుని పెట్టింది కాదు, మొదటి రోజు అలా కుదిరింది, చివరిదాకా అలాగే నడిచింది.

ఇంకో నియమం మాత్రం మేమే పెట్టుకున్నాం. రెండో వారంలో ఎవరో ఒక టీచర్ నడక మీద ఒక మాట రాశారు. చదివి నవ్విన వాళ్ళూ ఉన్నారు. సాయంత్రం మా క్లాస్ లీడర్ ఆ పేజీ చింపి, నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. "పాఠం మీద రాయండి, పరీక్ష మీద రాయండి, మార్కుల మీద రాయండి. మనిషి మీద రాస్తే ఈ పుస్తకం నేనే తీసుకెళ్ళి స్టాఫ్ రూమ్‌లో ఇచ్చేస్తాను" అంది. ఆ ఏడాదంతా ఆ పుస్తకం బతికిందంటే ఆ చింపిన పేజీ వల్లే. నేను ఇప్పటికీ ఆ మాట గట్టిగానే చెబుతాను.

ఫిజిక్స్‌తో మా గొడవలన్నీ లేని వస్తువుల గురించే. ఘర్షణ లేని తలం, ద్రవ్యరాశి లేని కప్పీ, సాగని దారం, గాలి నిరోధం లేని గాలి. "సార్, ఈ సామానంతా ఎక్కడ దొరుకుతుందో చెబితే ల్యాబ్‌కి మేమే చందాలేసుకుని కొంటాం" అని రాశాం. దానికి ఆయన జవాబు: "ఘర్షణ లేకపోతే నా చాక్‌పీసు బోర్డు మీద గీత గీయదు, మీ పెన్ను కాగితం మీద రాయదు. అంటే పాఠమూ ఉండదు, పరీక్షా ఉండదు. మీరు ఎందుకంత ఉత్సాహంగా వెతుకుతున్నారో అర్థమైంది."

ఆయన మమ్మల్ని పట్టుకున్న తీరు ఒకటి ఇంకా కళ్ళకి కట్టినట్టే ఉంది. లఘులోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపాలి, 20 డోలనాలకి ఎంత సమయం పట్టిందో చూడాలి, దాన్నుంచి గురుత్వ త్వరణం కట్టాలి. జవాబు సెకను వర్గానికి 980 సెంటీమీటర్లని పుస్తకంలో ముందే ఉంది కాబట్టి, చాలామంది కింద నుంచి పైకి లెక్క చేసుకుంటూ వచ్చి సమయాలు నింపేశారు. నాలుగు బ్యాచ్‌లు, నాలుగింటికీ 980. రికార్డులు దిద్దాక సార్ మా పుస్తకం అడిగి తెప్పించుకుని, ఎడమ పేజీ ఖాళీగా ఉన్నా కుడి పేజీలోనే రాశారు: "రెండో బ్యాచ్‌కి ఇచ్చిన స్టాప్‌వాచ్ ఆగిపోయి వారం రోజులైంది. అయినా వాళ్ళకి 980 వచ్చింది. భూమ్యాకర్షణ మీద ఇంత నమ్మకం న్యూటన్‌కి కూడా ఉండి ఉండదు."

మర్నాడు అందరం మళ్ళీ చేశాం, ఈసారి నిజంగా. మాకు 1086 వచ్చింది. సార్ దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు ఆడలేదు. ఆయన రీడింగులు చూసి, "లెక్కపెట్టేది ఎవరు? ఇప్పుడు నా ముందు లెక్కపెట్టు" అన్నారు. మా వాడు గుండు వదిలిన క్షణాన "ఒకటి" అన్నాడు. సార్ అక్కడే ఆపేశారు. "వదిలినప్పుడు అనాల్సింది సున్నా. నువ్వు 20 అనుకున్నవి 19 డోలనాలే. ఒక్క డోలనం తగ్గితే జవాబు 980 నుంచి 1086 దాకా ఎగిరింది చూశావా?" అని, ఆ 1086కే పూర్తి మార్కులు వేశారు. తప్పు ఎక్కడుందో కనిపెట్టగలిగిన తప్పుకి ఆయన దగ్గర ఎప్పుడూ విలువ ఎక్కువ. ఆ రోజు నుంచి మా క్లాసులో ఎవరైనా కథ మధ్యలోంచి మొదలుపెడితే "సున్నా నుంచి చెప్పు" అనేవాళ్ళం. పాతికమందిమి ఇప్పటికీ ఫోన్లలో అలాగే మాట్లాడుకుంటాం, మా ఇళ్ళల్లో వాళ్ళకి అర్థం కాదు.

లెక్కల సార్ గురించి చెప్పాలంటే కాస్త ఎక్కువే చెప్పాలి.

ఆయన ప్రతి మెట్టు తర్వాతా "అర్థమైందా?" అనేవారు. బోర్డు వైపు తిరిగి అనేవారు, మా వైపు తిరిగి అనేవారు, డస్టర్ వెతుక్కుంటూ కూడా అనేవారు. మూడో బెంచీలో ఇద్దరు ఒక వారం రోజులు దీన్ని లెక్కపెట్టారు. సోమవారం 38, మంగళవారం 41, బుధవారం 45, గురువారం 29, శుక్రవారం 47. ఎడమ పేజీ మీద చక్కగా గ్రాఫు గీసి, కింద "అర్థమైందా సూచీ" అని రాసి పెట్టారు. నాకు భయం వేసింది. ఇది పాఠం మీద ఫిర్యాదా, మనిషి మీదా? లీడర్ చూసి, కాసేపు ఆలోచించి, "గ్రాఫు ఉంది కాబట్టి పాఠమే" అని తీర్పు చెప్పింది.

సార్ పుస్తకం తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత మాట్లాడకుండా బోర్డు మీద ఆ ఐదు అంకెలూ వేశారు. "సగటు కట్టండి" అన్నారు. మొత్తం 200, సగటు 40. "ఇప్పుడు ఒక్కో రోజు సగటుకి ఎంత దూరంలో ఉందో చూసి, వర్గం చేసి కూడండి." 4, 1, 25, 121, 49. అవీ 200 అయ్యాయి. ఐదుతో భాగిస్తే విస్తృతి, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 40. దాని వర్గమూలం, ప్రామాణిక విచలనం, 6.32.

చాక్‌పీసు పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయారు. ఆయన మొహంలో అంత సంబరం అంతకుముందు చూడలేదు. "సగటూ 40, విస్తృతీ 40! ఇది ఎక్కడ జరుగుతుందో తెలుసా? పాయిజాన్ విభాజనంలో!" అన్నారు. వెనకనుంచి "పాయిజన్ ఎవరికి సార్?" అని వినబడింది. ఆయన పట్టించుకోలేదు, ఆ ఊపులో అసలు విన్నారో లేదో కూడా తెలియదు. సిమియోఁ పాయిజాన్ అనే ఫ్రెంచి గణితవేత్త 1837లో రాసిన పుస్తకంలో ఇది ఉందనీ, ఎప్పుడు జరుగుతాయో చెప్పలేని సంఘటనలు ఎన్నిసార్లు జరగొచ్చో అంచనా వేసే సూత్రమనీ, ఆ ఇంటిపేరుకి ఫ్రెంచిలో చేప అని అర్థమనీ, 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క తీసి దీనికి సరిపోల్చాడనీ చెప్పుకుంటూ పోయారు. పది సైనిక దళాలు, ఇరవై ఏళ్ళు, మొత్తం 122 చావులు, అంటే ఒక దళానికి ఏడాదికి సగటున 0.61. ఏ గుర్రం ఎప్పుడు తంతుందో ఎవరూ చెప్పలేరు, కానీ ఇరవై ఏళ్ళ తన్నుల లెక్క మాత్రం సూత్రానికి లొంగి కూర్చుంది. గంట కొట్టినా మేం లేవలేదు. మాకు తెలియకుండానే సాంఖ్యక శాస్త్రంలో సగం పాఠం అయిపోయింది.

చివర్లో అన్నారు: "ఐదు రోజుల లెక్కతో ఏదీ తేల్చకూడదు. నెల రోజులు లెక్కపెట్టండి." తర్వాత గ్రాఫు మీద వేలు పెట్టి, "గురువారం ఏమైంది? 29కి ఎందుకు పడిపోయింది?" అని అడిగారు.

ఎవరూ జవాబు చెప్పలేదు. ఎందుకంటే అందరికీ గుర్తుంది. గురువారం నాడు ఒక సమాకలనం దగ్గర సార్ ఆగిపోయారు. బోర్డు ముందు పది నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. రెండుసార్లు తుడిచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆఖరికి మా వైపు తిరిగి, "నాకు రావడం లేదు. రేపు చెప్తాను" అన్నారు. శుక్రవారం వచ్చీరాగానే, రెండో వరసలో రుణ గుర్తు జారిపోయిందని చూపించి, పూర్తి చేసి చెప్పారు. ఆ గురువారం పేజీ మా పుస్తకంలో ఖాళీ. ఎవరూ ఏమీ రాయొద్దని చెప్పలేదు, ఎవరూ రాయలేదు అంతే. మేం చూసిన పెద్దవాళ్ళలో "నాకు రావడం లేదు" అని నలభైమంది ముందు అన్న మొదటి మనిషి ఆయన. కాసేపటికి సార్‌కే గుర్తొచ్చింది. నవ్వి, కుడి పేజీలో రాశారు: "గురువారం అర్థం కావాల్సింది నాకు."

ఫెర్మా గొడవ కూడా ఆయనతోనే. 1637 ప్రాంతంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త ఒక పుస్తకం అంచున, ఈ సిద్ధాంతానికి అద్భుతమైన నిరూపణ నా దగ్గర ఉంది, రాయడానికి ఈ అంచు చాలదు అని రాసి ఊరుకున్నాడని సార్ ఒకసారి కథ చెప్పారు. ఇలాంటి కథలు పిల్లలకి చెబితే ఏమవుతుందో ఆయన ఊహించాల్సింది. అర్ధసంవత్సర పరీక్షలో మా వాడొకడు ఎనిమిది మార్కుల ప్రశ్నకి "నిరూపణ నా దగ్గర ఉంది, పేజీలో చోటు చాలదు" అని రాసి పెట్టాడు. దిద్దిన పేపరు మీద ఎర్ర పెన్నుతో ఇలా వచ్చింది: "ఫెర్మా మాటకి ఆండ్రూ వైల్స్ నిరూపణ అచ్చయింది 1995లో. అంటే 358 ఏళ్ళు. మీ మార్కులకీ అంతే సమయం పడుతుంది. అన్నట్టు, అదనపు కాగితం అడిగితే ఇచ్చేవాళ్ళం." ఆ పేపరు మా పుస్తకంలో అతికించి ఉంది, జిగురు ఎండి పసుపుపచ్చగా అయింది.

కెమిస్ట్రీ మేడమ్ నవ్వగా మేం చూసింది తక్కువ. కానీ క్లాసులో అందరికీ పేర్లు పెట్టింది ఆవిడే. మొదటి బెంచీలో ఎవరితోనూ కలవని ముగ్గురు జడవాయువులు. మాటకి ముందే భగ్గుమనే వాడు క్షారలోహం. గంటకోసారి సీటు మారేవాడు పరివర్తన మూలకం. నా పక్కన కూర్చునే అమ్మాయి లిట్మస్, ఎందుకంటే అల్లరి ఎవరు చేశారో మేడమ్ ఆ అమ్మాయి మొహం రంగు చూసి చెప్పేసేవారు. వీటన్నిటిలోకీ గొప్ప పేరు ఉత్ప్రేరకం. వాడు మూడో బెంచీ మూలన కూర్చునేవాడు. ఒక్క మాట అనేవాడు, చుట్టూ ఆరుగురు పోట్లాడుకునేవాళ్ళు, వాడు మాత్రం పుస్తకం తెరుచుకుని బుద్ధిగా చదువుకుంటూ ఉండేవాడు. ఒకరోజు మేడమ్ వాణ్ణి నిలబెట్టి, "ఉత్ప్రేరకం అంటే ఏమిటి?" అని అడిగారు. "చర్య వేగాన్ని పెంచి, చర్య చివర తాను ఏ మార్పూ లేకుండా మిగిలేది మేడమ్" అన్నాడు. "ఇక ఉదాహరణ వేరే చెప్పక్కర్లేదు, కూర్చో" అన్నారావిడ. బెంచీలు దద్దరిల్లాయి.

పాఠం మధ్యలో కునుకు తీసి పట్టుబడినవాడు ఎడమ పేజీలో పెట్టుకున్న అప్పీలు కూడా ఆవిడ కోర్టుకే వెళ్ళింది. "కెకూలే అనే రసాయన శాస్త్రవేత్తకి కలలో తన తోక తానే కరుచుకున్న పాము కనబడి, బెంజీన్ అణువు వలయంలా ఉంటుందని తట్టిందని మీరే చెప్పారు. నేనూ ఆ ప్రయత్నంలోనే ఉన్నాను." కుడి పేజీ: "బెంజీన్ సంగతి 1865లో. కార్బన్ సంయోజకత నాలుగని ఆయన 1858 నాటికే మెలకువగా ఉండి రాశాడు. మీరు ముందు ఆ పని చేసి, తర్వాత పడుకోండి."

ఆవిడ మీద మాకున్న అసలైన ఫిర్యాదు అర మార్కు. లెక్కంతా సరిగ్గా చేసి చివర ప్రమాణం రాయకపోతే అర మార్కు కట్. గ్రాము అని రాయలేదు, అర మార్కు. లీటరుకి మోల్‌లు అని రాయలేదు, అర మార్కు. ఒక పరీక్షలో క్లాసు మొత్తం మీద పోయిన అర మార్కులన్నీ కూడి చూస్తే ఇద్దరు పాసయ్యేంత వచ్చాయి. "మేడమ్, కోసిన అర మార్కులన్నీ ఎక్కడ దాస్తున్నారు? ద్రవ్యనిత్యత్వం ప్రకారం అవి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా" అని చాలా బాధతోనే రాశాం. ఆవిడ పేజీ నిండా జవాబిచ్చారు. 1999 సెప్టెంబరులో అంగారకుడి దగ్గరికి చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక ఎలా పోయిందో రాశారు. ఒక బృందం పంపిన అంకెలు పౌండ్ల లెక్కలో ఉన్నాయి, రెండో బృందం వాటిని న్యూటన్ల లెక్కగా తీసుకుంది, నౌక అనుకున్నదానికన్నా బాగా కిందికి దిగిపోయింది, ఇక దాని జాడ లేదు. చివర ఒకే వాక్యం: "ప్రమాణం లేని అంకె చిరునామా లేని ఉత్తరం. అర మార్కుతో పోయింది, సంతోషించండి."

ఒక మోల్ పదార్థంలో ఎన్ని కణాలుంటాయో చెప్పే అవగాడ్రో సంఖ్య మీద కూడా పెద్ద తగాదా నడిచింది. పాత పుస్తకంలో 6.023 × 10²³, కొత్తదాంట్లో 6.022 × 10²³. "ఆయనా మనలాగే రెండుసార్లు లెక్కపెట్టాడా?" అని రాశాం. "ఆయన ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. 1811లో సూత్రం చెప్పి, 1856లో వెళ్ళిపోయారు. ఆ సంఖ్యకి ఆయన పేరు పెట్టింది ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త జాఁ పెరాఁ, 1909లో. లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. తేలినప్పుడు నాకూ చెప్పండి" అని జవాబు.

బయాలజీ దగ్గర ఒక్క ఫిర్యాదు చెబుతాను, మిగతావి బొమ్మలకి సంబంధించినవి, మాటల్లో రావు. "అమీబాకి స్థిరమైన ఆకారం లేదని మీరే చెప్పారు. మరి నా అమీబా ఆకారం బాగాలేదని మార్కు ఎందుకు తీశారు?" కుడి పేజీలో: "ఆకారం లేకపోయినా కేంద్రకం ఉంటుంది. నీ అమీబాకి అదీ లేదు."

ఇంగ్లీషు మేడమ్‌తో మా పేచీ పలకని అక్షరాల గురించి. క్యూ అనే మాటలో ఐదు అక్షరాలుంటే పలికేది మొదటి ఒక్కటే. "తక్కిన నాలుగూ దాని వెనక వరసలో నిలబడ్డాయి, క్యూ అంటే అదే కదా" అన్నారావిడ. దానికి ఎడమ పేజీలో మేం రాయగలిగింది ఒక నమస్కారం గుర్తు మాత్రమే.

తెలుగు మాస్టారి క్లాసులో నవ్వు వేరే రకం. ఛందస్సు చెబుతున్న రోజులు. యమాతారాజభానసలగం నోటికి వచ్చాక మాకు ప్రపంచమంతా గురులఘువులుగా కనబడటం మొదలైంది. ఎవరు ఏ మాట అన్నా కింద గీతలు గీసేవాళ్ళం. ఒకరోజు గోల ఎక్కువై మాస్టారు బల్ల మీద చరిచి "నిశ్శబ్దం!" అన్నారు. ఒక్క క్షణం సూది పడినా వినబడేంత మౌనం. అందులోంచి ఒక గొంతు నెమ్మదిగా, "మ గణం మాస్టారూ" అంది. నిజమే, మూడూ గురువులే. మాస్టారు ఆ గొంతు వైపు చూసి, "బయటికి" అన్నారు. వాడు లేచి గుమ్మం దాకా వెళ్ళాక ఆపి, "ఇప్పుడు నేనన్నది ఏ గణం?" అని అడిగారు. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "నాలుగూ లఘువులు. నలము, ఇంద్రగణం మాస్టారూ" అన్నాడు. "ఇంద్రగణం సరిగ్గా చెప్పినవాణ్ణి బయటికి పంపితే పాపం తగులుతుంది, వచ్చి కూర్చో" అన్నారు. కూర్చున్నాక వాడు మెల్లగా, "మాస్టారూ, కూర్చో అంటే రెండు గురువులు" అన్నాడు. ఈసారి మాస్టారే ముందు నవ్వారు. ఆ నవ్వులో ఆయన కళ్ళజోడు జారింది.

ఆటల పీరియడ్ ఉందే, అది మా పుస్తకంలో అన్నిటికన్నా పొడవైన కేసు. వారానికి రెండు ఆటల పీరియడ్లు టైమ్ టేబుల్లో ఉండేవి. రెండూ లెక్కలకో ఫిజిక్స్‌కో పోయేవి. "మా ఆటల పీరియడ్ ఎక్కడ?" అని పెద్ద అక్షరాలతో రాస్తే ఫిజిక్స్ సార్, "పీరియడ్‌ని సృష్టించలేము, నాశనం చేయలేము. అది ఒక సబ్జెక్టు నుంచి ఇంకో సబ్జెక్టుకి మారుతుంది అంతే" అని రాశారు. మేం ఓడిపోయాం అనుకున్నాం. రెండు రోజుల తర్వాత పుస్తకం తెరిస్తే అదే పేజీలో ఇంకో చేతిరాత. ఆటల సార్‌ది. ఆయన అంతవరకు మా పుస్తకంలో ఒక్క అక్షరం రాసి ఎరుగరు. అందులోనూ ఆయన రాసింది కుడి పేజీలో కాదు, మా పక్కన, ఎడమ పేజీలో: "నేను కూడా ఫిర్యాదుదారునే. సెప్టెంబరు నుంచి నా పీరియడ్లు పదకొండు బాకీ. పిల్లలు పరుగెత్తడం మరిచిపోయారు. దయచేసి తిరిగి ఇప్పించగలరు."

ఆ పేజీ స్టాఫ్ రూమ్‌కి వెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో మాకు తెలియదు, కిటికీలోంచి నవ్వులు మాత్రం వినబడ్డాయి. మరుసటి శనివారం చివరి రెండు పీరియడ్లూ మైదానంలోనే. లెక్కల సార్, ఫిజిక్స్ సార్ కూడా చొక్కా చేతులు మడిచి వచ్చారు. లెక్కల సార్ పరుగు పూర్తిచేసి ఆయాసపడుతూ ఆగితే, నలభైమందీ ఒక్కసారిగా "అర్థమైందా?" అని అరిచాం.

వాళ్ళ ఫిర్యాదులూ కుడి పేజీల్లో బోలెడు. "చివరి బెంచీకి బోర్డు కనబడదు, గోడ గడియారం మాత్రం సెకన్లతో సహా కనబడుతుంది." "అందువలన నిరూపించబడినది అని చివర రాసినంత మాత్రాన పైనున్నది నిరూపణ అయిపోదు." "సందేహాలున్నాయా అంటే ఎవరూ నోరు విప్పరు. నా సందేహమల్లా అక్కడే మొదలవుతుంది." ఈ చివరిది ఎవరు రాశారో ఎంత వెతికినా చేతిరాత పోల్చలేకపోయాం. టీచర్లు మా పుస్తకం పట్టుకోవడానికి వచ్చే వేగం చూసి, ఎవరు ఏం రాస్తున్నారో ముందు తామే చదవాలన్న ఆత్రం వాళ్ళకీ ఉందని మాకు ఎప్పుడో అర్థమైపోయింది. పరీక్షల ముందు పది రోజులు మేం ఏమీ రాయకపోతే, కుడి పేజీలో నీలం పెన్నుతో "ఏమిటీ మౌనం? అందరూ క్షేమమేనా?" అని ఒక వాక్యం కనబడింది.

నా రఫ్ నోట్సే కాబట్టి పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఇళ్ళు మారాను, చాలా సామాను వదిలేశాను, దాన్ని వదల్లేదు. అంచులు నలిగాయి, ఎర్ర సిరా గోధుమరంగుకి తిరిగింది. చివర నాలుగు జతల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

2019 మే 20న మోల్‌కి కొత్త నిర్వచనం అమల్లోకి వచ్చింది. అవగాడ్రో సంఖ్య ఇక కొలిచేది కాదు, ఇంత అని ఖాయం చేసిన అంకె. ఆ వార్త చదవగానే నాకు మేడమ్ రాసిన మాట గుర్తొచ్చింది, తేలినప్పుడు నాకూ చెప్పండి అని. ఆవిడ అప్పటికే రిటైరయ్యారు. లిట్మస్‌నీ ఉత్ప్రేరకాన్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. పాత పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లెక్కల సార్ గ్రాఫు దగ్గర ఆగి, ఆ గురువారం గురించి ఆయన స్టాఫ్ రూమ్‌లో తనకి తానే చెప్పుకున్నారని అన్నారు. లిట్మస్ మొహం ఎర్రబడింది, కళ్ళూ ఎర్రబడ్డాయి.

నేను ఖాళీగా ఉన్న ఎడమ పేజీ తీసి, అక్కడే ఆవిడ ముందే రాశాను: "మేడమ్, లెక్క తేలింది. 6.02214076 × 10²³. ఇక మూడో దశాంశం దగ్గర గొడవ లేదు."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. పెన్ను అడిగారు. ఎర్ర పెన్ను ఉందా అని కూడా అడిగారు, ఉత్ప్రేరకం జేబులో పెట్టుకునే వచ్చాడు. వణుకుతున్న చేత్తో, అయినా అప్పటి గుండ్రటి అక్షరాలతోనే, కుడి పేజీలో రాశారు:

"మోల్‌కి అని రాయలేదు. అర మార్కు కట్."